పొలం ఓరలు, పరిగె గింజలు: బీదలకు ఇవ్వడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై పెరంబూరులో మా తెలుగు సంఘం సహాయ నిధి లెక్కలు నా చేతికి వచ్చి పదకొండేళ్లయింది. నేను పాస్టరును కాను, వేదాంత కళాశాలలో చదవలేదు. లెక్కల పుస్తకం నా దగ్గరుందని తెలుసు కాబట్టి ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ అందరూ నన్నే అడుగుతారు. కొందరు సిగ్గుపడుతూ, కొందరు కోపంగా. ఎక్కువసార్లు విన్న ప్రశ్నలకు నాకు తోచిన జవాబులు ఇవి.

బీదలకు ఇమ్మని బైబిలు చెబుతుందని తెలుసు. ఎలా ఇవ్వాలో ఎక్కడైనా చెప్పిందా?

చెప్పింది, చాలా వివరంగా. లేవీయకాండము 19వ అధ్యాయం తీయండి. పంట కోసేటప్పుడు పొలం ఓరలు పూర్తిగా కోయకూడదు. కోతలో రాలిన పరిగె ఏరుకోకూడదు. ద్రాక్షతోటలో రాలిన పండ్లు అక్కడే వదిలెయ్యాలి. అవి బీదలకూ పరదేశులకూ. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఇంకొంచెం ముందుకు వెళ్తుంది. పొలంలో ఒక పన, అంటే కోసి కట్టిన కట్ట, మర్చిపోయి ఇంటికొచ్చేస్తే, దానికోసం మళ్లీ వెనక్కి పోవద్దంటుంది. మర్చిపోయింది కూడా వాళ్లదే.

నెల్లూరు వైపు పుట్టినవాళ్లకు పరిగె అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కోతలయ్యాక ముసలమ్మలు, పిల్లలు గంపలు పట్టుకుని మడిలో దిగి రాలిన వెన్నులు ఏరుకునేవాళ్లు. ఎవరూ వద్దనేవాళ్లు కాదు.

ఈ ఆజ్ఞలో నన్ను పట్టుకున్నవి రెండు. ఆసామి మనసు బాగున్న రోజున ఇచ్చేది కాదిది, పంట లెక్కలోనే కలిసిపోయి ఉంది. రెండోది, బీదవాడు గుమ్మం దగ్గర చేయి చాచి నిలబడక్కర్లేదు. పొలంలోకి వచ్చి తన చేత్తో ఏరుకుంటాడు, తల ఎత్తుకుని మూట కట్టుకుని పోతాడు. రూతు గ్రంథం 2వ అధ్యాయంలో రూతు అలాగే ఏరుకుంది. ఆ పొలం ఆసామి బోయజు తన పనివాళ్లతో, ఆమె కోసం పిడికెళ్లు లాగి పడెయ్యండి, ఆమెను గద్దించొద్దు అని చెప్పాడు. తనకోసం పడేశారని రూతుకు తెలియనివ్వలేదు. సాయంత్రానికి దుళ్లగొడితే తూమెడు యవలయ్యాయి. ఇచ్చేవాడికి ఇంత జాగ్రత్త ఉండాలని నేను నేర్చుకున్నది ఆ అధ్యాయం దగ్గరే.

మాకు పొలం లేదు, అద్దె ఇల్లు, నెల జీతం. మాకు ఓర ఎక్కడుంటుంది?

మా అమ్మకూ పొలం లేదు. కావలి దగ్గర పల్లెలో ఉండేవాళ్లం, నాన్న బడిపంతులు. అమ్మ ఎసరు పెట్టే ముందు సోలతో బియ్యం కొలిచి చేటలో పోసేది. అందులోంచి ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కన గూట్లో ఉన్న పాత డాల్డా డబ్బాలో వేసేది. ఆ తర్వాతే బియ్యం కడిగేది. పూటకు ఒక పిడికెడు. చుట్టాలొచ్చి బియ్యం చాలకపోయినా ఆ పిడికెడు మానడం నేను చూడలేదు. నా చేతికి ఆ పని ఇచ్చినప్పుడు వేళ్లు సందులిచ్చి పట్టుకున్నాను, గింజలు జారిపోయి పిడికెడు చిన్నదవుతుందని. అమ్మ నా వేళ్లు దగ్గరికి నొక్కి మళ్లీ తీయించింది. ఏమీ అనలేదు.

శనివారం రాత్రి ఆ డబ్బా గుడ్డ సంచిలోకి, ఆదివారం గుడిలో బుట్టలోకి. ఇలా పిడికెడు బియ్యం తీసిపెట్టడం చాలా సంఘాల్లో ఆడవాళ్ల పరిచర్య. తమిళంలో దీన్ని పిడి అరిసి అంటారు, ఇతర మతస్థుల ఇళ్లలోనూ ఉంది. పూటకు ఒక పిడికెడంటే నెలకు రెండున్నర, మూడు కిలోలవుతుంది. మా ఇంట్లో ఇప్పుడు డాల్డా డబ్బా బదులు ప్లాస్టిక్ డబ్బా ఉంది, అంతే తేడా.

అన్నం ఒంటిపూటే వండుకునే ఉద్యోగస్థులు జీతం పడిన రోజునే ఒక మొత్తాన్ని వేరే ఖాతాలోకి మళ్లించుకోవచ్చు. ఎంత అని నన్నడగొద్దు. అద్దె, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు ఉన్న వరసలోనే ఇదీ ఉండాలి, మిగిలితే చూద్దామనే వరసలో కాదు. మిగలడం అనేది ఈ ఊళ్లో ఎవరికీ జరగదు.

దశమ భాగం సంఘానికి ఇస్తున్నాం. అది చాలదా?

దశమ భాగం గురించి మలాకీ 3వ అధ్యాయం మనందరికీ కంఠతా వచ్చు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం చివరి రెండు వచనాలు మాత్రం తక్కువమంది చదువుతారు. మూడేళ్లకోసారి పదోవంతు మొత్తాన్ని ఊళ్లోనే ఉంచి, లేవీయులతో పాటు పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాళ్లు కడుపునిండా తినేలా చూడమని అక్కడుంది. అంటే దశమ భాగంలోనే బీదవాడి వంతు ఉంది. మీ సంఘం ఆ వంతు తీస్తోందా అని పెద్దలను మర్యాదగా అడగండి. అడగడం అవిధేయత కాదు. మా సంఘంలో ప్రతి 3 నెలలకూ లెక్క చదివి వినిపిస్తాం, పేర్లు లేకుండా. అయినా సంఘం చేసేది సంఘం చేస్తుంది. మీ వీధిలో ఉన్న మనిషి మీ కళ్లకే కనబడతాడు.

సిగ్నల్ దగ్గర, ఎలక్ట్రిక్ ట్రెయిన్‌లో చేయి చాచినవాళ్లకు డబ్బు ఇవ్వాలా?

అందరికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది. ఒకటే జవాబు నా దగ్గర లేదు, నేను చేసేది చెబుతాను.

జీపే వచ్చాక మన పర్సుల్లో చిల్లరే ఉండటం లేదు. లేదని చెప్పడం నిజమే అయిపోయింది, సులువూ అయిపోయింది. అందుకే నేను సోమవారం ఉదయం పాల బూత్ దగ్గర పది రూపాయల నోట్లు కొన్ని మార్చి పర్సులో వేరే అరలో పెట్టుకుంటాను. ఆ వారానికి అదే నా ఓర. అడిగినవాళ్లకు అందులోంచి ఇస్తాను. అర ఖాళీ అయితే ఆ వారానికి అయిపోయినట్టే. అప్పుడు ఆ మనిషి ముఖం చూసి "ఇవాళ లేదమ్మా" అని నోటితో చెబుతాను. ఫోన్‌లోకి తల దించేసుకోను. చాలామందికి పది రూపాయలు దొరకని దానికంటే, ఎదురుగా మనిషి నిలబడి లేనట్టు ప్రవర్తించడం ఎక్కువ నొప్పి. ఇది ఊహించి రాస్తున్నది కాదు. సెంట్రల్ స్టేషన్ బయట కూర్చునే ఒక అవ్వ నాతో అన్న మాట. ఆమె సొంతూరు గూడూరు వైపు. నా ఉచ్చారణ విని తెలుగులో పలకరించింది.

ఆకలి అన్నవాళ్లకు అన్నమే పెట్టాలనుకుంటే ఈ ఊళ్లో దారి సులువు. అమ్మ ఉణవగం అనే ప్రభుత్వ చవక క్యాంటీన్ 2013లో మొదలైనప్పుడు ఇడ్లీ రూపాయి, సాంబారన్నం ఐదు రూపాయలు. ఒక మనిషి కడుపునిండా తినడానికి మనకయ్యే ఖర్చు ఆటో ఎక్కేంత కూడా ఉండదు. వీలైతే పక్కన నిలబడి మీరూ తినండి.

ఆ డబ్బుతో తాగేస్తాడు కదా?

తాగేయొచ్చు. అలాంటప్పుడు డబ్బు బదులు భోజనం ఇవ్వడం తప్పు కాదు. మనకు తెలిసిన కుటుంబమైతే ఫీజు బడికే కట్టండి, సరుకులు భార్య చేతికివ్వండి. కానీ తాగుబోతన్న ఒక్క మాటతో మొత్తం కుటుంబాన్ని పుస్తకంలోంచి కొట్టేయకండి. ఆ తప్పు నేను చేశాను. ఒకాయన టాస్మాక్, అంటే ప్రభుత్వ సారా దుకాణం, ముందు కనబడ్డాడని విని ఆ నెల వాళ్లకు బియ్యం ఆపేశాను. మూడు వారాల తర్వాత తెలిసింది, ఆయన భార్యకు టైఫాయిడ్ జ్వరం వచ్చి, పదో తరగతి చదివే పాప బడి మానేసి రెండిళ్లలో గిన్నెలు తోముతోందని. శిక్ష ఆయనకు పడలేదు, ఆ పాపకు పడింది. ఆ రోజు నుంచి ఇంటికి వెళ్లి చూడకుండా ఎవరి పేరూ తీయను.

చిన్నపిల్లలు అడుక్కుంటుంటే?

డబ్బు ఇవ్వను. పిల్లల చేత అడుక్కోమనడం చట్టప్రకారం నేరం. ఇచ్చే ప్రతి రూపాయీ ఆ బిడ్డను బడికి దూరంగా, రోడ్డు మీదే నిలబెడుతుంది. తినడానికి ఏదైనా ఇచ్చి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి ఏ జంక్షన్, ఎంత వయసు, పక్కన ఎవరున్నారు అన్నది చెప్పండి.

"పనిచేయనివాడు భోజనం చేయకూడదు" అని పౌలే రాశాడు కదా?

రాశాడు, 2 థెస్సలొనీక 3:10లో. అయితే అక్కడున్న మాట "పనిచేయనొల్లని" అని. ఒల్లకపోవడం వేరు, దొరకకపోవడం వేరు, చేతకాకపోవడం వేరు. మూడు వచనాల తర్వాత అదే పౌలు మేలు చేయడంలో విసుక్కోవద్దని కూడా రాశాడు. పైది చదివి, కింది వచనం దాకా రాకుండానే ఆగిపోతాం మనం.

వ్యాసర్పాడి, పులియంతోపు వైపు ఉదయం ఐదింటికి వెళ్లి చూడండి. చీపురు, తోపుడుబండి పట్టుకుని ఈ నగరాన్ని ఊడుస్తున్నవాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమందో. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబాలవి. మన సంఘాల్లో మన పక్కనే కూర్చుని పాడేది వాళ్లే. అంత పనిచేసీ బీదరికంలోనే ఉన్నారు. బీదరికం బద్ధకం వల్లే వస్తుందనే మాట వాళ్ల ముందు అనగలమా?

"బీదలు ఎల్లప్పుడును మీతో ఉంటారు" అన్నాడు ప్రభువు. మరి మనం ఇస్తే మారేదేముంది?

ఆ మాట ద్వితీయోపదేశకాండము 15:11 లోది. ప్రభువు సగం పలికితే, విన్న యూదులకు మిగతా సగం గుర్తొచ్చి ఉంటుంది: కాబట్టి నీ చెయ్యి చాపు అని. మార్కు సువార్తలో అయితే, మీకు ఇష్టమైనప్పుడల్లా వాళ్లకు మేలు చేయొచ్చని ప్రభువే అన్నాడు. చేతులు ముడుచుకోవడానికి ఆ వచనం వాడుకునే హక్కు మనకు లేదు.

మాకే అప్పులున్నాయి. ఇవ్వకపోతే పాపమా?

కాదు. ఒకడికి లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే కానుక అంగీకారమవుతుందని 2 కొరింథీ 8:12లో ఉంది. ఇంకొకరికి సుఖం కోసం మీకు కష్టం రావాలని కాదని తర్వాతి వచనం. క్రెడిట్ కార్డు మీద తీసి కానుక ఇవ్వడం, నగ తాకట్టు పెట్టి వాగ్దానం చెల్లించడం నేను ఒప్పుకోను. అలా తెచ్చిన డబ్బు మా నిధికి వద్దని రెండుసార్లు వెనక్కి ఇచ్చాను కూడా. బీద విధవరాలు రెండు కాసులు వేసిందని చెప్పి బీదవాళ్ల జేబులోంచి లాక్కునే ప్రసంగాలు వింటే నాకు కడుపు మండుతుంది. ఆ సంగతికి సరిగ్గా ముందు, విధవరాళ్ల ఇళ్లు దిగమింగే శాస్త్రుల గురించి ప్రభువు హెచ్చరించాడు. రెండూ కలిపి చదవాలి.

చేతిలో ఏమీ లేని నెలల్లో కూడా ఇవ్వగలిగింది ఉంటుంది. దాని గురించి కింద రాశాను.

మా ఇంట్లో పనిచేసే ఆమెకు సహాయం చేయాలనుకుంటున్నాం. ఎలా?

ముందు జీతం సరిగ్గా ఇవ్వండి. ఈ మాట చాలామందికి రుచించదు, అయినా చెబుతాను. ఓరలు కోయొద్దన్న అదే లేవీయకాండము 19లో, మూడు వచనాలు దాటగానే, కూలివాడి కూలి మరునాటి ఉదయం దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని ఉంది. యాకోబు 5:4లో బిగబట్టిన కూలి మొర పెడుతుందని ఉంది. ఇవ్వాల్సిన జీతం ఆలస్యం చేసి, క్రిస్మస్‌కు చీర పెట్టడం దాతృత్వం అనిపించుకోదు.

ఒకటో తారీఖున జీతం, వారానికి ఒక రోజు సెలవు, జ్వరమొచ్చి రాకపోతే కోత లేకపోవడం. ఇవి ఆమెకు చెందాల్సినవి. ఇవి చేశాకే సహాయం అనే మాట మొదలవుతుంది. బోనస్ సంగతి కూడా చెప్పాలి. చెన్నైలో పనిచేసేవాళ్లు దీపావళికి బోనస్ ఎదురుచూస్తారు. మన ఇళ్లలో కొందరు "మాకు దీపావళి లేదు, డిసెంబర్లో ఇస్తాం" అంటారు. పండుగ మనకు లేకపోవచ్చు, పిల్లలకు కొత్తబట్టలు కొనే ఖర్చు ఆమెకు అక్టోబర్లోనే వస్తుంది. ఆ సమయానికి ఇవ్వండి.

ఇంకొకటి. సింకు పక్కన గట్టు చివర, మిగతా గ్లాసులకు దూరంగా, ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. దానిమీద నొక్కు. ఆమెకు కాఫీ పోసేది అందులోనే. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తిని వచ్చిన ఇళ్లలో నేను దాన్ని చూశాను. ఆ గ్లాసు ఆ గట్టు మీద ఉన్నంతకాలం మనం ఆమెకు ఎంత ఇచ్చినా ఆమె మనకు పొరుగు మనిషి కాలేదన్నట్టే. ఈరోజే తీసేయండి.

క్రిస్మస్‌కు చీరలు, దుప్పట్లు పంచుతాం. ఫోటోలు తీయొచ్చా?

వద్దు.

ఎందుకో చెబుతాను. కొన్నేళ్ల క్రితం మేమూ తీశాం. బ్యానరు ముందు వరసగా నిలబెట్టి, చీర ఒక అంచు ఇచ్చేవాళ్ల చేతిలో, ఇంకో అంచు పుచ్చుకునేవాళ్ల చేతిలో పెట్టి, ఇటు చూడమ్మా అని పిలిచి తీశాం. ఒకావిడ వంతు వచ్చింది. చీర తీసుకుంది, ఫోన్ పైకి లేవగానే ఆ కొత్త చీర మడతనే ముఖానికి అడ్డం పెట్టుకుంది. చీర మీద ధర చీటీ ఇంకా అలాగే ఉంది, ఆమె నుదుటి దగ్గర. ఎవరో "చెయ్యి దించమ్మా" అన్నారు. ఆమె దించింది. ఆ ఫోటో నా ఫోన్‌లో ఎన్నాళ్లో ఉంది, చూసినప్పుడల్లా నాకు ఆ మాటే వినబడేది. ఆవిడ మళ్లీ మా దగ్గరికి రాలేదు. కొడుకు ఒక ఆఫీసులో సెక్యూరిటీ గార్డు, తల్లి ఫోటో వాట్సాప్‌లో తిరిగి వాళ్ల కాలనీ దాకా చేరిందని తర్వాత విన్నాను.

కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియొద్దన్నాడు ప్రభువు. మత్తయి 6వ అధ్యాయం మనం ప్రతి సంవత్సరం చదువుతాం. దాతలకు లెక్క కావాలంటే బిల్లులు చూపించండి. ఇప్పుడు మేం చీరలు వరసలో నిలబెట్టి పంచడం లేదు. చిన్నదైనా ఒక గదిలో చీరలు బల్ల మీద పరిచి పెడతాం, వచ్చినవాళ్లు రంగు చూసుకుని, నచ్చింది ఎంచుకుని సంచిలో పెట్టుకుని వెళ్తారు. బోయజు పొలంలో లాగే, తమ చేత్తో తాము. ఒకామె పావుగంట తిరగేసి ఆకుపచ్చది తీసుకుంది. అంతసేపు ఎవరూ తొందరపెట్టలేదు.

పాత బట్టలు, మిగిలిపోయిన అన్నం ఇవ్వొచ్చా?

మీరు రేపు వేసుకుని బయటికి వెళ్లగలిగిన బట్టయితే, ఉతికి ఇస్త్రీ చేసి ఇవ్వండి. అన్నమైతే మీరు తినే వేళకే, మీరు తినేదే. 2015 డిసెంబరు వరదలప్పుడు అడయారు పొంగి సైదాపేట, కొట్టూర్‌పురం వైపు ఇళ్లు మునిగాయి. మేం సహాయానికి వెళ్లిన చోట పాత బట్టల మూటలు వానలో తడిసి రోడ్డు పక్కన కుప్పపడి కనబడ్డాయి. గుండీలు లేని చొక్కాలు, చిరిగిన నైటీలు. అక్కడి ఆడవాళ్లు అడిగినవి చాపలు, దుప్పట్లు, స్టవ్, శానిటరీ నాప్కిన్లు. ఏం కావాలని ముందు అడిగి ఉంటే సరిపోయేది.

సహాయం అందుకున్నవాళ్లను గుడికి రమ్మని అడగొచ్చా?

సహాయానికి షరతుగా అడగకూడదు. ఈ విషయంలో తెలుగు క్రైస్తవులకు ఒక పెద్ద ఉదాహరణ ఉంది, దాని గుర్తు మన ఊళ్లోనే పారుతోంది.

బకింగ్‌హాం కాలువ మనకు ఇప్పుడు ముక్కు మూసుకుని దాటే మురుగు. బీచ్ నుంచి వేళచ్చేరి వెళ్లే రైలు దాని మీదుగానే పోతుంది. 1876–78 గొప్ప కరువులో ఆకలితో ఉన్న జనానికి పని కల్పించడానికి ఈ కాలువ పనులు చేయించారు. కూవం, అడయారు నదులను కలిపే భాగం అప్పుడు తవ్విందే. ఆ కరువులోనే ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, మనవాళ్లు క్లౌ దొర అంటారు, అదే కాలువలో మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు సర్వేయరు పని తెలిసినవాడు. ఊరికే గంజి పోసి పంపకుండా కూలి ఇచ్చి, పని ఇచ్చి వేలమందిని బతికించాడు.

నాకు అంతకంటే గొప్పగా అనిపించేది వేరే ఉంది. కరువు రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం వస్తుంటే, ఏడాదికి పైగా ఇవ్వకుండా ఆపాడు. అన్నం కోసం వస్తున్నారో, విశ్వాసంతో వస్తున్నారో తేలాలి కదా. సహాయం పంచడం ముగిశాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన సంఘాల్లో చాలా కుటుంబాల మూలం ఆ రోజుల్లో ఉంది. మన ముత్తాతలకు అన్నానికీ విశ్వాసానికీ మధ్య అంత దూరం పాటించినప్పుడు, బియ్యం సంచి ఇస్తూ ఆదివారం హాజరు వేయడం మనకు తగునా? ప్రభువు గురించి ఎవరైనా అడిగితే సంతోషంగా చెప్పండి. సంచి అప్పటికే వాళ్ల ఇంట్లో ఉండాలి.

వేరే మతస్థులకు, వేరే భాషవాళ్లకు కూడా ఇవ్వాలా?

ఇవ్వాలి. దోపిడీదొంగల చేతిలో దెబ్బలు తిన్నవాడిది ఏ ఊరని సమరయుడు అడగలేదు.

డబ్బు కాకుండా ఏం ఇవ్వగలం?

చెన్నైలో తెలుగువాళ్లు ఇవ్వగలిగిన అతి విలువైనది తెలుగు.

సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, మనం జీహెచ్ అనేది, 1664లో మొదలైంది. సూళ్లూరుపేట, నాయుడుపేట, తడ వైపు నుంచి తెల్లవారుజామున రైలెక్కి రోగులు వస్తారు. బోర్డులు తమిళంలో, ఇంగ్లీషులో ఉంటాయి. ఒకసారి ఓపీ చీటీలు రాసే చోట ఒక రైతు, వయసు అరవై దాటి ఉంటుంది, ప్లాస్టిక్ సంచిలో ఎక్స్‌రేలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏ వరసలో నిలబడాలో తెలియక ఒకే చోట నిలబడిపోయాడు. "ఎక్కడికి పోవాల పెద్దాయనా?" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. మొదట మాట రాలేదు. తర్వాత "తెలుగేనామ్మా?" అన్నాడు. ఉదయం ఆరింటికి వచ్చాడట, అప్పుడు పది. ఆయనకు కావాల్సింది నెఫ్రాలజీ, రెండు బ్లాకుల అవతల. నడిపించడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ పన్నెండు నిమిషాలకు నాకు పైసా ఖర్చు కాలేదు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఏం జరిగింది? యెరూషలేము సంఘంలో అనుదిన పరిచర్యలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు వంతు అందలేదు. ఊరి భాష కాని భాషవాళ్లు వరస చివర మిగిలిపోయారు. అపొస్తలులు ఆ ఫిర్యాదు కొట్టేయకుండా ఏడుగురిని ఆ పనికే నియమించారు. ఆ వచనాలు చదువుతుంటే నాకు ఓపీ వరసే కనబడుతుంది.

ఫారాలు నింపడం, మందుల చీటీ అర్థమయ్యేలా చెప్పడం, రక్తదానం, ముసలివాళ్ల పింఛను కాగితాలకు తోడు వెళ్లడం, ఆంధ్రా రేషన్ కార్డుతో ఇక్కడ సరుకు తీసుకోవచ్చని చెప్పడం. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకంలో తమిళనాడు 2020లో చేరింది, కూలికి వచ్చినవాళ్లలో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

బంధువులు అప్పు అడిగితే?

తిరిగి రాకపోయినా మీరు వాళ్లింటికి భోజనానికి వెళ్లగలిగినంతే ఇవ్వండి. అంతకు మించి అడిగితే, ఇంతే ఇవ్వగలం, ఇది మళ్లీ ఇవ్వక్కర్లేదని ముందే చెప్పండి. అప్పు పేరుతో ఇచ్చి తర్వాత మొహం చాటేసుకునే చుట్టరికాలు మన ఇళ్లలో ఎన్ని లేవు!

మోసపోతే?

మోసపోతారు. మేమూ పోయాం, దొంగ ఆసుపత్రి బిల్లుకు ఐదు వేలు కట్టాం. అప్పటి నుంచి బిల్లు మీదున్న నంబరుకు కాదు, ఆసుపత్రికే ఫోన్ చేసి కనుక్కుంటాం. జాగ్రత్త పెరిగింది, నిధి మూయలేదు.

ఇస్తే దేవుడు రెట్టింపు ఇస్తాడని చెబుతారు. నిజమేనా?

సామెతలు 19:17లో, బీదలను కనికరించేవాడు యెహోవాకు అప్పిచ్చేవాడని ఉంది. ఆయన అప్పు ఉంచుకోడు, నేను నమ్ముతాను. కానీ కారు కోసం, వీసా కోసం విత్తనంగా బీదవాడి చేతిలో వంద పెట్టడం వేరే సంగతి. అప్పుడు మన కళ్లు ఆ మనిషి మీద ఉండవు, కారు మీద ఉంటాయి. విందు చేస్తే తిరిగి పిలవలేనివాళ్లనే పిలవమన్నాడు ప్రభువు, లూకా 14లో.

శాంథోమ్ చర్చి పక్కన బతికే మనకు యేసు శిష్యుడు తోమా గురించి చాలా పాత కథ ఒకటి ఉంది. గొండఫెర్నీసు రాజు రాజభవనం కట్టమని తోమాకు డబ్బిచ్చాడట. తోమా అదంతా బీదలకు పంచేశాడు. భవనమేదని రాజు అడిగితే, కట్టాను, ఇప్పుడు నీకు కనబడదన్నాడు. రాజు చెరలో వేయించాడు. చనిపోయిన రాజు తమ్ముడు పరలోకంలో ఆ భవనం చూసి, తిరిగి వచ్చి చెప్పేదాకా ఎవరూ నమ్మలేదు. ఇది లేఖనం కాదు, సంప్రదాయం. అయినా మైలాపూరు వైపు వెళ్లినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది.

పిల్లలకు ఎలా నేర్పాలి?

పిడికెడు వాళ్ల చేత తీయించండి. ప్రసంగం వద్దు.

శనివారాలు మీరు జీహెచ్‌కు వెళ్తారట. మేమూ రావచ్చా?

రండి. నెలలో రెండో, నాలుగో శనివారం. ఏడున్నరకల్లా సెంట్రల్ ఎదురు సబ్‌వే మెట్ల పైన కలుసుకుంటాం, పాటలు, బ్యానర్లు ఉండవు. రెండు పెన్నులు తెచ్చుకోండి, ఒకటి ఎవరో అడిగి తీసుకుంటారు, తిరిగి రాదు. ఫోన్ ఛార్జర్ తెచ్చుకోండి, మీకోసం కాదు, ఊరి నుంచి వచ్చినవాళ్ల ఫోన్లు పదింటికల్లా ఆగిపోతాయి. తమిళం చదవడం వచ్చినవాళ్లు ఓపీ దగ్గర, రానివాళ్లు కూర్చోబెట్టి మాట్లాడటానికి వార్డుల బయట. మంచినీళ్ల సీసా పెద్దది. చెప్పులు మెత్తటివి వేసుకోండి, చాలా నడవాలి.